ఒకే నెల, ఒకే బాట: 1948 సెప్టెంబరు

(లక్డారంలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మీరంతా పెద్దసారు అని పిలుచుకున్న ఉపాధ్యాయుడి పేరిట జరుగుతున్న సభ ఇది. ఆయన తరగతిలో రాజుల వరుస అప్పగించమని అడిగేవారు కాదట. ఒక నెల ఎంచుకుని, నోటుబుక్కు పేజీకి నడుమ గీత గీయించి, ఒక పక్క మన దగ్గర జరిగింది, ఇంకో పక్క లోకంలో జరిగింది రాయించేవారట. చరిత్ర చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఈ రోజు ఆ పద్ధతిలోనే ఒక్క నెల గురించి మాట్లాడతాను. ఆ నెల 1948 సెప్టెంబరు.

ఈ ఊళ్లో ఆ నెల గురించే మాట్లాడటానికి కారణం మన రోడ్డు. లక్డారం గేటు దగ్గర నిలబడి పడమటికి తిరిగితే రుద్రారం, కంది, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట, జహీరాబాద్. ఇంకా ముందుకు పోతే హుమ్నాబాద్, ఉమర్గా, నల్దుర్గ్, షోలాపూర్. తూర్పుకు తిరిగితే ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు, రామచంద్రాపురం, ఆ తర్వాత పట్నం. ఇవాళ దీన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నాం. అంతకుముందు 9వ నంబరు అనేవాళ్లం. మన క్రషర్ల నుంచి కంకర లారీలు ఎక్కేదీ, షోలాపూర్ దుప్పట్లు మన అంగళ్లకు వచ్చేదీ దీని మీదనే. 1948లో దీని పక్కన బీహెచ్ఈఎల్ లేదు, ఇక్రిశాట్ లేదు, కంపెనీల పొగగొట్టాలు లేవు. చేలు, చెరువులు, మధ్యలో షోలాపూర్ బాట. ఆ సంవత్సరం సెప్టెంబరు మధ్యలో, వినాయక చవితి వెళ్లి పెత్రమాస ఇంకా రాని పున్నమి రోజుల్లో, భారత సైన్యపు ప్రధాన దళం హైదరాబాదు చేరింది ఈ బాటనే. అదే రోజుల్లో ఈ బాట గురించి పారిస్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ముందు వాదన జరిగింది. అంటే ఆ నెలలో పెద్దసారి నోటుబుక్కు రెండు పక్కలా రాయవలసింది మన సంగతే.

సెప్టెంబరులోకి పోయేముందు ఆగస్టు చివరి పది రోజులు చూడాలి. 1947 నవంబరు 29న హైదరాబాదు పాలకుడు నిజాముకూ భారత ప్రభుత్వానికీ ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది పూర్తికాకముందే అది చిరిగిపోయింది. మీర్ లాయక్ అలీ ప్రధానిగా ఉన్నా పగ్గాలు రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ చేతిలోకి పోయాయి. ఆయన సాయుధ దండైన రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. అప్పటికే తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలో సాయుధ పోరాటం నడుస్తోంది. జైళ్లు నిండిపోయాయి. స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ జైల్లో ఉన్నారు. కవి దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం తన ఫిర్యాదును ఐక్యరాజ్యసమితికి తంతి ద్వారా పంపింది. ఆ రాత్రే, తెల్లవారితే 22 అనగా, కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను కాల్చి, చెయ్యి నరికారు. ఆయనకు ఇంకా ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. హైదరాబాదు భారత్‌లో కలవాలని రాయడం, అదే కోరుతూ కొందరు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను అచ్చువేయడం ఆయన చేసిన నేరాలు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో బురుజు ఎక్కి ఊరిని కాపాడుకున్న వాళ్లను రజాకార్లు, నిజాం సైనికులు కలిసి చంపారు. బైరాన్‌పల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. మనకు దూరం కాదు.

ఐక్యరాజ్యసమితి ముందున్న ఫిర్యాదులో బైరాన్‌పల్లి లాంటి ఊళ్ల మాట లేదు. అది రాజ్యానికీ రాజ్యానికీ మధ్య తగాదాగా రాసిన కాగితం. 82 వేల చదరపు మైళ్ల రాజ్యం, కోటీ అరవై లక్షల పైచిలుకు జనం, సొంత రూపాయి, సొంత రైలు ఉన్నాయి కనుక తమది ప్రత్యేక దేశమన్నది నిజాం వాదన. ఇది భారతదేశపు ఇంటి విషయమన్నది ఢిల్లీ వాదన. ఆ రెండు వాదనల నడుమ బతుకుతున్న రైతును ఎవరూ సాక్షిగా పిలవలేదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. ఆ నెలలో జరిగినవన్నీ, ఇక్కడివీ పైదేశాలవీ, దీని మీదుగానే చూస్తాను.

సెప్టెంబరు మొదటి తొమ్మిది రోజుల్లో లోకం ఏ స్థితిలో ఉందో చూడండి. 3వ తేదీన చెకొస్లొవేకియా మాజీ అధ్యక్షుడు ఎడ్వర్డ్ బెనెష్ చనిపోయారు. పదేళ్ల కిందట మ్యూనిక్‌లో తన దేశాన్ని పెద్ద దేశాలు పంచి ఇచ్చేస్తుంటే చూడవలసి వచ్చిన మనిషి ఆయన. 6వ తేదీన నెదర్లాండ్స్‌లో జూలియానా రాణిగా ప్రమాణం చేసింది. అదే సమయంలో ఆమె సైన్యం ఇండోనేషియాను వదలడానికి ఒప్పుకోక అక్కడే ఉంది. 9వ తేదీన ప్యాంగ్‌యాంగ్‌లో కిమ్ ఇల్ సుంగ్ నాయకత్వంలో ఉత్తర కొరియా ప్రభుత్వం ప్రకటించుకుంది. దాంతో కొరియా రెండు దేశాలైంది. అదే 9వ తేదీన బెర్లిన్‌లో కాలిపోయిన పార్లమెంటు భవనం ఎదుట సుమారు మూడు లక్షల మంది గుమిగూడారు. జూన్ 24 నుంచి సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేసింది. తిండి, బొగ్గు అన్నీ విమానాల్లోనే రావాలి. ఆ సభలో బెర్లిన్ నాయకుడు ఎర్న్‌స్ట్ రాయిటర్ లోకంలోని ప్రజలందరినీ ఉద్దేశించి, ఈ నగరాన్ని వదిలేయవద్దని వేడుకున్నాడు.

బెర్లిన్‌కు బీదరుకు ఒక చుట్టరికం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు మోసిన లాంకాస్టర్ విమానాలను తర్వాత సరుకు మోసేలా మలిచి లాంకాస్ట్రియన్ అని పేరు పెట్టారు. ఆ సంవత్సరం బెర్లిన్ జనానికి ఇంధనం మోసిన విమానాల్లో అవీ ఉన్నాయి. ఆ రకం విమానాల్లోనే సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట ఎగిరి, బీదరు, వరంగల్ ఎయిర్‌స్ట్రిప్పుల్లో నిజాం కోసం తుపాకులు దించాడు. అప్పటి రాజ్యం లెక్కలో జహీరాబాద్ బీదరు జిల్లాలోదే.  జహీరాబాద్ పొలాల్లో నాగలి పట్టినవారి తల మీదుగా రాత్రివేళ పోయిన ఆ మోత వెనక కరాచీ ఉంది, ఇంకా చల్లారని ఒక పెద్ద యుద్ధపు మిగులు సామాను ఉంది. మన పల్లె లోకానికి దూరంగా ఉండేదని, తర్వాత కంపెనీలు వచ్చి కలిపాయని ఇక్కడ చాలామంది అంటుంటారు. నాకు అలా అనిపించదు. ఇక్కడి జనం అడగకుండానే లోకం వాళ్ల నెత్తి మీద వాలింది.

11వ తేదీ రాత్రి కరాచీలో మహమ్మదలీ జిన్నా కన్నుమూశారు. క్వెట్టా నుంచి విమానంలో తీసుకువస్తే, విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలో అంబులెన్స్ చెడిపోయి ఆగింది. పాకిస్తాన్ పుట్టి ఏడాది దాటి నెల రోజులు కాలేదు. 14వ తేదీన ఖ్వాజా నాజిముద్దీన్ గవర్నర్ జనరల్ అయ్యారు. జిన్నా మరణించింది హైదరాబాదు మీద దళాలు కదలడానికి సిద్ధంగా ఉన్న వేళ. భారత సైన్యానికి అప్పటికీ అధిపతిగా ఉన్న బ్రిటిష్ జనరల్ రాయ్ బుచర్, జిన్నా మరణం దృష్ట్యా, నగరాల మీద విమానదాడులు జరగవచ్చన్న భయంతో, వాయిదా వేయమని కోరారని ఆనాటి వారు రాశారు. హోంమంత్రి వల్లభభాయ్ పటేల్ ఒప్పుకోలేదు.

13వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో దళాలు షోలాపూర్ వైపు నుంచి సరిహద్దు దాటాయి. మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో మరో దళం బెజవాడ వైపు నుంచి వచ్చింది. ఇంకా చిన్న దళాలు నాలుగు దిక్కులా. సైన్యం దీనికి ఆపరేషన్ పోలో అని పేరు పెట్టుకుంది. ప్రభుత్వం పోలీసు చర్య అంది. మొదటి రోజే నల్దుర్గ్ దగ్గర బోరి నది మీద వంతెనను పేల్చేయక ముందే పట్టుకోవడం షోలాపూర్ దళానికి పెద్ద గెలుపు. ఆ వంతెన పోయి ఉంటే నదికి అవతలే ఎన్ని రోజులు ఆగవలసి వచ్చేదో. అదే రోజు ఉమర్గా, 14న రాజేశ్వర్. 16న జహీరాబాద్ వైపు వచ్చేసరికి దారిలో మందుపాతరలు. వాటిని తీసుకుంటూ, బీదరు రోడ్డు కలిసే చోట పొంచి కాల్చినవారిని ఎదుర్కొంటూ, రాత్రయ్యేసరికి జహీరాబాద్ దాటి ఇటు వైపు వచ్చారు. 17 తెల్లవారేసరికి ఇంకో దళం బీదరులో ఉంది.

జహీరాబాద్ దగ్గర మందుపాతరలు తీస్తున్న ఆ 16వ తేదీనే పారిస్‌లో షాయో భవనంలో భద్రతామండలి కూర్చుంది. అధ్యక్ష స్థానంలో బ్రిటన్ ప్రతినిధి సర్ అలెగ్జాండర్ కడొగన్. నిజాం పక్షాన మొయిన్ నవాజ్ జంగ్, భారత పక్షాన సర్ ఎ. రామస్వామి మొదలియార్. హైదరాబాదు బృందంలో దళిత నాయకుడు బి. శ్యాంసుందర్ కూడా ఉన్నారు. ఆయన అక్కడికి ఎందుకు వెళ్లారన్నది తీరికగా ఆలోచించవలసిన విషయం. తన జనానికి ఢిల్లీ వైపు నుంచి కూడా న్యాయం జరుగుతుందన్న నమ్మకం ఆయనకు లేకపోయింది. ఆయన తీర్మానంతో నేను ఏకీభవించను. ఆ అపనమ్మకాన్ని మాత్రం తేలిగ్గా తీసేయలేను. ఆ రోజు మండలిలో ఉన్న పదకొండు దేశాల్లో ఎనిమిది ఈ అంశాన్ని చర్చకు తీసుకోవాలన్నాయి. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు.

ఆ మూడు దేశాల్లో చైనా సంగతి ఒక్కమాట చెప్పి ముందుకు పోతాను. మండలిలో కూర్చున్నది చియాంగ్ కై షేక్ ప్రభుత్వపు చైనా. 12వ తేదీన మంచూరియాలో కమ్యూనిస్టు సైన్యం పెద్ద దాడి మొదలుపెట్టింది. 16వ తేదీన జీనాన్ నగరం మీద దాడి మొదలై, 24న అది వాళ్ల చేతికి వచ్చింది. పారిస్‌లో చైనా పేరున కుర్చీలో ఉన్న ప్రభుత్వం కింద చైనా నేల జారిపోతోంది.

17వ తేదీ మన జిల్లాలో పిల్లలకు కూడా తెలిసిన తేదీ. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడి, పోరు ఆపమని తన సైన్యానికి ఆజ్ఞ ఇచ్చినట్టు ప్రకటించారు. రామానంద తీర్థ విడుదలయ్యారు. అదే రోజు, అదే సాయంత్రపు వేళల్లో, జెరూసలేంలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ ఫోక్ బెర్నడోట్ కారును లేహి అనే యూదు సాయుధ ముఠా అటకాయించి కాల్చి చంపింది. పక్కన కూర్చున్న ఫ్రెంచ్ కర్నల్ సెరో కూడా చనిపోయాడు. పాలస్తీనాను ఎలా పంచాలో సూచిస్తూ రాసిన నివేదిక మీద బెర్నడోట్ ముందురోజే సంతకం పెట్టారు. యుద్ధం చివరి నెలల్లో నాజీ శిబిరాల నుంచి వేలమంది ఖైదీలను తెల్ల బస్సుల్లో బయటికి తెచ్చిన మనిషి ఆయన.

ఈ రెండు సంఘటనలను ఒకే రోజున ఎందుకు గుర్తు పెట్టుకోవాలి? పారిస్‌లో ఉన్నవాళ్ల వైపు నుంచి చూడండి. వాళ్ల బల్ల మీద బెర్లిన్ ఉంది, పాలస్తీనా ఉంది, కశ్మీర్ ఉంది, ఇండోనేషియా ఉంది, హైదరాబాదు ఉంది. ప్రతి కాగితం కింద ఒక నేల ఉంది, ఆ నేల మీద జనం ఉన్నారు. ఎవరి సైన్యం ముందు చేరితే వారిదే మాట అయిపోతోంది. మండలి 20న మళ్లీ కూర్చునేసరికి ఇక్కడ అంతా ముగిసింది. జహీరాబాద్ నుంచి పట్నం దాకా మిగిలిన నూరు కిలోమీటర్ల బాట, పారిస్ ఒక సమావేశం నుంచి ఇంకో సమావేశానికి వచ్చేలోపు దాటిపోయింది.

18వ తేదీ మధ్యాహ్నం తిరిగాక నిజాం సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ నగరానికి కొద్ది మైళ్ల ఇవతల, ఈ బాట మీదనే, చౌధురి ఎదుటికి వచ్చి లొంగిపోయారు. నల్దుర్గ్ నుంచి అక్కడికి రావాలంటే సదాశివపేట, కంది, రుద్రారం, పటాన్‌చెరు దాటాల్సిందే. అదే రోజు బెర్లిన్‌లో విమానాలు ఒక్కరోజులో 7,000 టన్నులకు దగ్గరగా సరుకు దించి అంతకుముందున్న లెక్కలన్నీ దాటేశాయి. అదే రోజు జావాలో మదియూన్ పట్టణాన్ని కమ్యూనిస్టులు ఆక్రమించారు. కొన్ని వారాల్లోనే ఇండోనేషియా సైన్యం ఆ తిరుగుబాటును అణిచేసింది. 22న నిజాం ఐక్యరాజ్యసమితికి ఇంకో తంతి పంపారు: ఫిర్యాదు వెనక్కు తీసుకుంటున్నానని, పారిస్‌లో ఉన్న బృందానికి ఇక అధికారం లేదని.

28వ తేదీన మండలి మరోసారి హైదరాబాదు మాట విన్నది. ఆ తంతి నిజాం మనసారా పంపినదా, సైన్యం నడుమ ఉండి పంపినదా అని కొందరు సభ్యులు అడిగారు. ఆ సాయంత్రమే పారిస్ సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ఎలినార్ రూజ్‌వెల్ట్ మానవ హక్కుల గురించి ప్రసంగించారు. సార్వజనీన మానవ హక్కుల ప్రకటన ముసాయిదా అప్పుడే సర్వసభ్య సమావేశపు సంఘం ముందుకు వస్తోంది. డిసెంబరు 10న అదే షాయో భవనంలో అది ఆమోదం పొందింది. ప్రాణం, స్వేచ్ఛ, భద్రత ప్రతి మనిషికీ హక్కు అని అందులో రాశారు.

ఇక్కడిదాకా చెప్పి ఆపితే అందరికీ సుఖంగా ఉంటుంది. మన పాఠాలు సాధారణంగా 17 దగ్గరో 18 దగ్గరో ఆగిపోతాయి. నేను ఆపలేను, ఎందుకంటే నెల 30 దాకా ఉంది. ఆ చివరి పన్నెండు రోజులు, ఆ తర్వాతి కొన్ని వారాలు ఈ రాజ్యంలో ఏం జరిగిందో ఒక నివేదిక చెబుతుంది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అనే ముగ్గురిని భారత ప్రభుత్వం పంపింది. నవంబరు 29న వచ్చి డిసెంబరు 21 దాకా వాళ్లు ఇక్కడ తిరిగారు. పదహారు జిల్లాల్లో తొమ్మిది చూశారు. 109 ఊళ్లకు చెందిన ఐదు వందల మందికి పైగా మనుషులతో మాట్లాడారు. పోలీసు చర్యలో, దాని తర్వాత, తక్కువలో తక్కువగా వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని రాశారు. అందులో ఎక్కువమంది ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదరు, నాందేడ్ జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ. ఆ తర్వాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్. ఈ నాలుగింట్లో కలిపి కనీసం ఐదు వేలు. మెదక్ అంటే అప్పటి మన జిల్లా.

ప్రభుత్వం ఆ నివేదికను అచ్చువేయలేదు. అది బయట జనానికి అందుబాటులోకి వచ్చేసరికి, అందులో మాట్లాడిన ఐదు వందల మందిలో చాలామంది బతికి లేరు.

ఇది చెప్పినప్పుడు కొందరికి కోపం వస్తుంది. రజాకార్లు చేసింది మరిచిపోయారా అని అడుగుతారు. మరిచిపోలేదు. షోయబుల్లా ఖాన్ పేరు, బైరాన్‌పల్లి పేరు ముందే చెప్పాను, ఎన్నిసార్లయినా చెబుతాను. రజాకార్ల దౌర్జన్యాన్నీ, అది రగిల్చిన పగనూ ఆ నివేదికే ఒప్పుకుంటుంది. కానీ తుపాకి పట్టి ఊళ్ల మీద తిరిగిన రజాకారుకు బదులు, ఆ ఊళ్లోనే దూదేకుకునేవాడు, సాలె పని చేసేవాడు, మసీదులో చాపలు పరిచేవాడు ప్రాణమిచ్చాడు. రజాకారు చేసిన పాపానికి వీళ్ల పేరు పెట్టడం ఏ ధర్మం? ఈ ప్రశ్నను 17వ తేదీ సంబరానికి అడ్డంగా వేయడం లేదు. ఆ సంబరం చేసుకునే హక్కు బైరాన్‌పల్లి వారసులకుంది, జైళ్లలో మగ్గినవారి పిల్లలకుంది. భూస్వాముల గడీలకు వెట్టి చేసిన ప్రతి ఇంటికీ ఉంది. అదే పేజీలో ఈ ఐదు వేలమందినీ రాయమని అడుగుతున్నాను.

ఆ నివేదికలో నన్ను ఎక్కువగా పట్టి నిలిపినది ఇంకోటి. తమ ముస్లిం ఇరుగుపొరుగును కాపాడటానికి హిందువులు ప్రాణాలకు తెగించిన సంఘటనలు ఎన్నో చూశామని ఆ ముగ్గురు రాశారు. ముఖ్యంగా ఒకే పని చేసేవారి మధ్య ఆ బంధం గట్టిగా ఉందని గమనించారు. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారి వైపు నిలబడి, దాడికి వచ్చిన హిందువులతోనే కొట్లాడారు. అందులో ప్రాణాలూ పోగొట్టుకున్నారు. పారిస్‌లో ఎనిమిది ఓట్లు, మూడు తటస్థాలు లెక్కపెడుతున్న కాలంలో, మగ్గం గుంట దగ్గర ఒక మనిషి ఓటు వేయకుండానే తేల్చుకున్నాడు. పక్క మగ్గం మీద పనిచేసేవాడిని ఇవ్వనన్నాడు. మానవ హక్కుల ప్రకటన ఇంకా ఆమోదం పొందలేదు. అతడికి చదువు కూడా వచ్చి ఉండదు. ఆ నెలలో లోకమంతటా జరిగినవాటిలో నాకు అన్నిటికంటే పెద్ద సంఘటన అదే.

ఈ మాట ఇక్కడ, ఈ జనం ముందు చెప్పడానికి ఒక కారణం ఉంది. ఇవాళ ఈ పరిశ్రమల పట్టీలో ఒకే షెడ్డులో, ఒకే బాయిలర్ ముందు, ఒకే క్రషర్ కింద పనిచేసేవారు నాలుగైదు భాషలవారు. ఒడిశా నుంచి, బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మరాఠ్వాడా నుంచి వచ్చినవారు, మన జిల్లావారు. మతాలు కూడా ఒకటి కాదు. 1948లో ఉస్మానాబాద్ నుంచి, బీదరు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయినవారి మనవలు ఇక్కడ పనిచేస్తూ ఉండవచ్చు. వాళ్లను ఏ పారిస్ మండలీ గుర్తుపెట్టుకోలేదు. మన పక్కన పని చేసేవారు కనుక మనం తెలుసుకోవాలి.

ఆ తర్వాత జరిగినవి త్వరగా చెబుతాను. చౌధురి సైనిక గవర్నరు అయ్యారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. అది మన ప్రాంతపు రైతుకు నిజంగా కలిసొచ్చిన మార్పు. కమ్యూనిస్టులు పోరాటం ఆపలేదు. నిజామును దించిన సైన్యమే వాళ్ల మీదికి మళ్లింది. ఆ పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. హైదరాబాదు ప్రశ్న 1949 మేలో భద్రతామండలి ముందు చివరిసారి చర్చకు వచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఎత్తకపోయినా, మండలి పరిశీలనలో ఉన్న అంశాల జాబితాలో దశాబ్దాల పాటు దాని పేరు అలాగే ఉండిపోయింది. రాజ్యం పోయింది, రూపాయి పోయింది, రాజు పోయాడు, పారిస్ కాగితంలో వరుస సంఖ్య మాత్రం మిగిలింది.

ఏటా 17వ తేదీ వస్తే విమోచనమా, విలీనమా, సమైక్యతా, ప్రజాపాలనా అని నాలుగు జెండాల కింద నాలుగు సభలు జరుగుతున్నాయి. పేరు ఏదైనా పెట్టుకోండి. నా కోరిక దానికంటే చిన్నది, ఇంకా తొందరగా తీరవలసినది. 1948లో పదేళ్లున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. ఈ బాట పక్క ఊళ్లలో, ఇస్నాపూర్‌లో, రుద్రారంలో, ముత్తంగిలో, పటాన్‌చెరు పాతబస్తీలో అలాంటి అవ్వలు, తాతలు, నానీలు, దాదాలు ఇంకా మంచం మీద కూర్చుని మాట్లాడగలిగిన స్థితిలో ఉన్నారు. బడిపిల్లలతో నా మనవి ఇది. ఈ సెలవుల్లో ఇద్దరు ఇద్దరుగా పోండి. అందుబాటులో ఉంటే ఫోనులో రికార్డు చేయండి, లేకపోతే రాసుకోండి. ఒక ముస్లిం ఇంటికీ, ఒక హిందూ ఇంటికీ, ఒక దళితవాడ ఇంటికీ తప్పకుండా పోండి. రాజు గురించి, పటేలు గురించి, రజ్వీ గురించి అడగకండి, అవి పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో మీ ఇంట్లో ఏం వండుకున్నారని అడగండి. సైన్యం పోయేటప్పుడు మీరెక్కడున్నారని అడగండి. రాత్రి తలుపు కొట్టిందెవరు, ఎవరికి తలుపు తీశారు, ఎవరికి తీయలేదు అని అడగండి. ఇంట్లో ఎవరినైనా దాచారా, ఎన్ని రోజులు, తిండి ఎవరు పెట్టారు అని అడగండి. దాక్కున్నవాళ్లు తర్వాత తిరిగి వచ్చారా అని కూడా అడగండి. చెప్పలేక ఏడిస్తే ఆపి, చెయ్యి పట్టుకుని కూర్చోండి, బలవంతం చేయకండి. రాసినవి తెచ్చి బడిలో పెద్దసారి బీరువాలో పెడితే, వచ్చే ఏడాది ఈ సభలో ఉపన్యాసానికి బదులు వాటిలో నుంచి చదివించమని నిర్వాహకులను కోరుతున్నాను.